ఆమె నీరసానికి ఒక అంకె ఉంది



"ఏమోనమ్మా, ఊరికే నీరసంగా ఉంటోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వంగి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి." ఈ మాట వినని ఇల్లు మన దగ్గర ఉండదు. దానికొచ్చే జవాబూ మనకు తెలిసిందే. "పని ఎక్కువైంది, కాసేపు నడుం వాల్చు" అంటాం. "వయసు మీద పడుతోంది కదా" అంటాం. మరీ దగ్గరివాళ్ళైతే "ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలే" అనేస్తాం. ఆ నీరసం చాలాసార్లు మామూలు సంగతి కాదు. అది జబ్బు. కొలిచి చెప్పగలిగిన జబ్బు. దాని పేరు రక్తహీనత. మన ఊళ్ళలో "రక్తం తక్కువుంది" అంటారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019లో మొదలై 2021లో ముగిసింది. 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న మహిళల్లో దేశం మొత్తం మీద 57 శాతం మందికి రక్తం తక్కువగా ఉందని అది తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే వయసు మగవాళ్ళలో దేశవ్యాప్తంగా 25 శాతం. వేలి చివర సూదితో గుచ్చి తీసిన చుక్కతో కాకుండా చేతి నరం నుంచి తీసిన రక్తంతో పరీక్షిస్తే ఈ శాతాలు కొంత తగ్గవచ్చని నిపుణుల్లో చర్చ ఉంది. ఎంత తగ్గించి చూసినా, ఇది కోట్ల మంది ఆడవాళ్ళ సమస్య. ప్రపంచమంతా కలిపితే 50 కోట్లకు పైగా మహిళలు రక్తహీనతతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో ఎక్కువ మంది దక్షిణాసియాలోనూ, ఆఫ్రికాలోనూ ఉన్నారు.

రక్తానికి ఎరుపు రంగునిచ్చేది హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల్లోకి చేరిన ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకెళ్ళేది అదే. దాని తయారీకి ఇనుము కావాలి. హిమోగ్లోబిన్ ఎంతుందో 100 మిల్లీలీటర్ల రక్తానికి ఇన్ని గ్రాములని లెక్క కడతారు. మామూలు సమయంలో ఆడవాళ్ళకు 12 కన్నా, గర్భిణికి 11 కన్నా తగ్గకూడదు. గర్భిణికి 7 కన్నా తగ్గితే తీవ్ర రక్తహీనత. అంకె తగ్గేకొద్దీ గుండె ఎక్కువ సార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. ఆయాసం, గుండెదడ, తలనొప్పి, దేని మీదా మనసు నిలవకపోవడం అందువల్లే. కొంతమంది ఆడపిల్లలు బియ్యం నములుతారు, బలపాలు తింటారు, మట్టి తింటారు. వాళ్ళను తిడతాం, చేతి మీద ఒకటి వేస్తాం. చాలామందిలో అది ఇనుము లోపానికి గుర్తు. తిట్టే బదులు రక్తపరీక్ష చేయించాలి.

ఈ జబ్బుకు మందు కనిపెట్టిన కథలో మన తెలుగువాడి పేరు కూడా ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు ఒక రకం తీవ్రమైన రక్తహీనత వస్తుండేది. వాళ్ళేం తింటున్నారో, ఎలా బతుకుతున్నారో ఆమె దగ్గరుండి చూశారు. ఇది తిండిలో ఏదో లోపించి వచ్చిన జబ్బని తేల్చారు. బీరు తయారీలో మిగిలే ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థంతో దాన్ని నయం చేసి చూపించి, 1931లో ఆ సంగతి ప్రకటించారు. ఆ ఈస్టులో ఉన్న మేలు చేసే పదార్థమేదో అప్పటికి తెలియదు. తర్వాత దానికి ఫోలిక్ ఆమ్లమని పేరొచ్చింది. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూ అనే పేగుల వ్యాధికి సైతం ఈ ఫోలిక్ ఆమ్లం మందైంది. ఇవాళ ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర బిళ్లలో ఇనుముతో పాటు ఉండేది ఇదే.

బొంబాయి పని సాగిన రోజుల్లోనే లూసీ విల్స్ కొంతకాలం నీలగిరుల్లోని కూనూరులో పరిశోధన చేశారు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆ కూనూరులోనే మొదలుపెట్టిన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. భారత ప్రభుత్వం గర్భిణులకు ఇనుము బిళ్లలిచ్చే కార్యక్రమాన్ని 1970లోనే ప్రారంభించింది. ఇన్నేళ్ళుగా విద్య మన చేతిలో ఉంది. మందు ఊరూరా దొరుకుతోంది, అదీ ఉచితంగా. అయినా సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువ. ఎందుకు?

మొదటి కారణం శరీరంలో ఉంది. నెలనెలా పోయే రక్తంతో పాటు ఇనుమూ పోతుంది. ఒక గర్భం మోయడానికి మొత్తం మీద దాదాపు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అందుకే రోజుకు మగవాడికి 19 మిల్లీగ్రాములు చాలితే, ఆడమనిషికి 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో లెక్క చెప్పింది. అంటే ఇనుము విషయంలో ఆమెకు అతని కన్నా ఒకటిన్నర రెట్లు కావాలి.

రెండో కారణం వంటింట్లో ఉంది. ఒకటిన్నర రెట్లు కావాల్సిన మనిషి మన ఇళ్ళలో చివరికి తింటుంది. మామగారికీ, భర్తకూ, పిల్లలకూ వడ్డించాక గిన్నెలో మిగిలిన పులుసు, అడుగంటిన అన్నం, ఇంత పచ్చడి. మాంసం వండిన రోజున ముక్కలు ఎవరి కంచంలో పడతాయో, కార్జం ఎవరికి దాచిపెడతారో అందరికీ తెలుసు. ఎవరూ ఆమెను తినొద్దని చెప్పరు. "నాకివి చాల్లే" అని ఆమే అంటుంది. అనడం తల్లి దగ్గర నేర్చుకుంది, రేపు కూతురు ఆమె దగ్గర నేర్చుకుంటుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఈ సంగతి గ్రహించి చేసిన పని ఒకటి ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమృత హస్తం పేరుతో, 2015 నుంచి తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి పేరుతో గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలోనే ఒక పూట పూర్తి భోజనం పెట్టారు. అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు. సరుకులు ఇంటికి పంపితే వాటిని ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. అక్కడే కూర్చోబెట్టి వడ్డిస్తే ఆమె కడుపులోకే వెళ్తాయి. ఆ ఆలోచన సరైనది. కాకపోతే అంగన్‌వాడీ దాకా వెళ్ళి తినడానికి ఆమెకు తీరిక దొరకాలి, అత్తగారు "వెళ్ళిరా అమ్మా" అనాలి.

మూడో కారణం, బిళ్ల చేతికందినా గొంతు దిగకపోవడం. గర్భిణి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. నాలుగు రోజులు వేసుకోగానే కడుపులో వికారం, నోట్లో ఇనుప రుచి, మలబద్ధకం. విరేచనం నల్లగా అవుతుంది. ఇలా జరుగుతుందని ముందే ఎవరూ చెప్పకపోతే భయం వేస్తుంది. "ఈ మందుకు బిడ్డ కూడా నల్లగా పుడుతుంది" అని పక్కింటావిడ అంటుంది. ఇంకొకరు "బలానికి వేసుకుంటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అంటారు. బిళ్లలు అటక మీదికి చేరతాయి. అమ్మలారా, ఈ రెండు మాటల్లో ఒక్కటీ నిజం కాదు. బిడ్డ రంగుకూ బిళ్లకూ సంబంధం లేదు. మలం నల్లబడటం ఒంటబట్టని ఇనుము బయటికి పోవడమే, దానికి భయపడక్కర్లేదు. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు వేసుకోండి. నీళ్ళతోనో, నిమ్మరసంతోనో మింగండి. పాలతో, టీతో మింగకండి. గర్భిణులకు కాల్షియం బిళ్లలు కూడా ఇస్తారు. ఆ రెండూ కలిపి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకోండి. నెల తిరిగేసరికి ఓపిక వచ్చిందని మానేయకండి. అంకె సరైన చోటికి చేరాక కూడా, ఒంట్లో ఇనుము నిల్వలు నిండేందుకు మరికొన్ని నెలలు వాడాలి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఇక తిండి సంగతి. "బీట్‌రూట్ తాగు, దానిమ్మ తిను, రక్తం పడుతుంది" అని చాలామంది సలహా ఇస్తారు. రెండూ మంచివే. కానీ ఎర్రగా ఉన్నంత మాత్రాన వాటిలో ఇనుము ఎక్కువున్నట్టు కాదు. ఖరీదు పెట్టి అవి కొని, ఇంటి వెనక మునగాకును వదిలేయడం తెలివైన పని కాదు. తోటకూర, గోంగూర, మునగాకు, రాగులు, సజ్జలు, నువ్వులు, పప్పులు, ఉలవలు, ఇవి అందరికీ అందేవే. అయితే ఆకుల్లో, గింజల్లో ఉన్న ఇనుములో చాలా వరకు పదో వంతు కూడా ఒంటబట్టదు. దానికి సి విటమిన్ తోడైతే ఒంటబట్టేది పెరుగుతుంది. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, అన్నంలో ఉసిరి పచ్చడి, తిన్నాక ఒక జామపండు, ఇవి రుచికే కాదు, మందుకూ పనికొస్తాయి. అన్నం తిన్న వెంటనే తాగే టీ ఆ మేలును చెడగొడుతుంది. భోజనానికీ టీకీ మధ్య గంట, గంటన్నర ఎడం ఉంచండి. మాంసం, చేప, కార్జం తినేవాళ్ళకు వాటిలోని ఇనుము ఇంకా బాగా ఒంటబడుతుంది. వారానికి రెండుసార్లైనా ఆమె కంచంలో ఆ ముక్కలు పడేలా చూడండి.

రేషన్ బియ్యం మీద పుట్టిన పుకారు సంగతి కూడా చెప్పుకోవాలి. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి చేసిన ప్రకటన తర్వాత, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి తయారు చేసిన గింజలను మామూలు బియ్యంలో కలిపి ఇవ్వడం దేశమంతటికీ విస్తరించింది. వందపాళ్ళ బియ్యానికి ఒక పాలు ఆ గింజలు. బియ్యం ఏరేటప్పుడు అవి కాస్త తేడాగా కనబడేసరికి "ప్లాస్టిక్ బియ్యం కలిపారు" అనే ప్రచారం మొదలైంది. శ్రద్ధగా ఏరి పారబోసినవాళ్ళున్నారు. అది ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో పోషకాలు కలిపి మళ్ళీ గింజలా చేసిందే. ఏరకుండా, గంజి వార్చకుండా వండుకోండి. ప్రభుత్వాలకూ ఒక మాట. కొత్త వస్తువును ఇంటికి పంపే ముందు అదేమిటో చెప్పే మనిషిని పంపాలి. చెప్పకుండా పంపితే పుకారే ముందుగా చేరుతుంది.

అన్ని రక్తహీనతలూ ఇనుముతో తీరవు. కాంబోడియా అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. కూర ఉడికే నీళ్ళలో ఇనుప ముక్క వేస్తే ఇనుము చేరుతుందని కెనడా నుంచి వెళ్ళిన ఒక పరిశోధకుడు అక్కడి పల్లె ఆడవాళ్ళకు చెప్పాడు. వంటలో ఇనుప దిమ్మ వేయడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళకు అదృష్టచిహ్నమైన చేప ఆకారంలో పోత పోసి ఇస్తే సంతోషంగా వేసుకున్నారు. జనం మనసెరిగి చెబితే వింటారన్నది అందులో మొదటి పాఠం. తర్వాత జరిగిన పరీక్షల్లో చాలామందికి అనుకున్నంత రక్తం పెరగలేదు. అక్కడ పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ లోపాలు ఎక్కువని తేలింది. కారణం తెలుసుకోకుండా మందు వేస్తే సరిపోదన్నది రెండో పాఠం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో అలాంటిదే సికిల్ సెల్ వ్యాధి ఉంది. తలసేమియా ఉంది. పూర్తి శాకాహారుల్లో బీ12 లోపం ఉంది. కాళ్ళకు చెప్పుల్లేకుండా పొలంలో, పేడదిబ్బల దగ్గర తిరిగేవాళ్ళ పేగుల్లో కొంకి పురుగులు చేరి రోజూ రక్తం పీలుస్తాయి. అందుకే ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో అల్బెండజోల్ మాత్ర వేస్తారు. రెండు మూడు నెలలు ఇనుము బిళ్లలు సరిగా వాడినా అంకె కదలకపోతే, కారణం వేరే ఉందని అర్థం. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం మరో పెద్ద కారణం. ఏడు రోజులు దాటినా ఆగకపోవడం, గంట గంటకూ ప్యాడ్ మార్చాల్సి రావడం, గడ్డలు గడ్డలుగా పోవడం, ఇవి ఓర్చుకోవాల్సినవి కావు. సిగ్గుతో ఏళ్ళ తరబడి దాచుకుంటారు. తట్టుకోలేక ఒకరోజు వెళ్తే "గర్భసంచి తీసేద్దాం" అన్న మాట వినబడుతుంది. దేశంలో గర్భసంచి తీయించుకున్న మహిళల నిష్పత్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. నలభై ఏళ్ళు నిండకుండానే తీయించుకున్నవాళ్ళు ఎందరో. రక్తస్రావాన్ని తగ్గించే మాత్రలున్నాయి, గర్భాశయంలో అమర్చే హార్మోను సాధనముంది. ఆపరేషన్ చివరి మార్గం కావాలి. దానితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఎవరైనా ఆపరేషన్ చేయించుకోమంటే, ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా అడగండి. అది మీ హక్కు.

రక్తం తక్కువైతే జరిగే అసలు నష్టం కాన్పు గదిలో బయటపడుతుంది. కాన్పు సమయంలో కొంత రక్తం అందరికీ పోతుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లి దాన్ని తట్టుకుంటుంది. అంకె ఆరో, ఏడో ఉన్న తల్లికి ఆ మాత్రం పోయినా ప్రాణం మీదికొస్తుంది. పాకిస్తాన్, నైజీరియా, టాంజానియా, జాంబియా దేశాల్లో రక్తహీనతతో కాన్పుకొచ్చిన పది వేలకు పైగా మహిళలను పరిశీలించి, 2023లో ఒక అధ్యయనం వెలువడింది. ఒక మోస్తరు రక్తహీనత ఉన్నవాళ్ళతో పోలిస్తే, తీవ్ర రక్తహీనత ఉన్నవాళ్ళకు చావు అంచుదాకా వెళ్ళే ముప్పు, చనిపోయే ముప్పు కలిపి దాదాపు ఏడు రెట్లు ఎక్కువని అది తేల్చింది. మన దగ్గర తల్లుల మరణాలు తగ్గాయి. 2018 నుంచి 2020 వరకు లెక్కల్లో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు దేశ సగటు 97 తల్లుల మరణాలైతే, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఆస్పత్రి కాన్పులు, 108 వాహనాలు, ఏఎన్ఎంల శ్రమ దీనికి కారణం. అదే లెక్కలో కేరళ 19కి చేరింది. మనం ఇంకా తగ్గించగలం. కాన్పు నొప్పులు మొదలయ్యాక రక్తం కోసం పరుగెత్తడం కన్నా, నాలుగో నెలలోనే అంకె చూసి సరిచేయడం తేలిక. బిళ్లలతో వేళకు అందుకోలేమనిపిస్తే నరం ద్వారా ఎక్కించే ఇనుము మందు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

బాలింత పథ్యం గురించి పెద్దవాళ్ళకు ఒక మనవి. కారప్పొడి, వెల్లుల్లి పెట్టండి, తప్పులేదు. కానీ ఆకుకూరలు వద్దు, పప్పు వద్దు, నీళ్ళు ఎక్కువ తాగొద్దు అనకండి. రక్తం పోగొట్టుకుని, బిడ్డకు పాలిస్తున్న మనిషికి కడుపు నిండా తిండి అవసరమైన రోజులవే.

ఈ ప్రసంగం వింటున్న మగవాళ్ళతో చివరిగా ఒక మాట. రక్తహీనత ఆడమనిషి ఒంట్లో కనబడుతుంది గానీ, దాని కారణాల్లో చాలావరకు ఇల్లంతా కలిసి సరిచేయాల్సినవే. మీ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మీకు తెలుసు. మీ భార్య హిమోగ్లోబిన్ ఎంతో తెలుసా? మీ అమ్మది? పదో తరగతి చదివే మీ అమ్మాయిది? బడిలో వారానికోసారి ఇచ్చే నీలం బిళ్ల ఆమె మింగుతోందా, సంచిలో దాస్తోందా?

ఈ వారంలోనే మీ ఇంట్లో ఆడవాళ్ళందరినీ దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. పరీక్షకు డబ్బు అక్కర్లేదు, పట్టేది కొద్ది నిమిషాలే. వచ్చిన అంకెను కాగితం మీద రాసి దాచండి. 12 కన్నా, గర్భిణికైతే 11 కన్నా తక్కువుంటే మందు మొదలుపెట్టించండి, మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయించండి. రాత్రి భోజనానికి ఆమెను కూడా మీతోనే కూర్చోబెట్టి, కూర అందరికీ సమానంగా వడ్డించండి. ఇకమీదట ఇంట్లో ఆడమనిషి "నీరసంగా ఉంది" అంటే "మామూలే" అనకండి. "పరీక్ష చేయించుకుందాం, పద" అనండి.